సిల్వర్ పెయింట్ కింద నంబరు

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు వచ్చింది ఒకే ఒక్క మెమో. అది కూడా నేను అడిగి తెచ్చుకున్నదే. మా పాత ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మిషన్ స్టార్ట్ కావడం లేదనో, ఫలానా సామాను ఎక్కడ దొరుకుతుందనో అడుగుతారు. వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ముందు ఆ మెమో ఎలా వచ్చిందో చెప్తాను. సగం విన్నాక నవ్వడం మొదలుపెడతారు. నాకేం కోపం రాదు, నవ్విన సంగతి మనిషికి గుర్తుంటుంది. వచ్చినవాళ్లకే చెప్తే రానివాళ్ల సంగతేమిటని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

మాది ఏ ఆఫీసో చెప్పను. వరంగల్ చుట్టుపక్కల రోడ్ల మీద కూలిన చెట్లు తొలగించడం, కూలేలా ఉన్న కొమ్మల్ని ముందే కొట్టేయడం మా విభాగం పని. నేను స్టోర్ కీపర్‌ని. ఐటీఐలో ఫిట్టర్ చదివాను కాబట్టి మిషన్లు విప్పడం, బిగించడం కూడా నా నెత్తినే పడింది. నిజం చెప్పాలంటే పడలేదు, నేనే ఎత్తుకున్నాను. వేరేవాళ్లు స్పానర్ పట్టుకుంటే నాకు నచ్చేది కాదు. "జర ఇటియ్యి, నీతోని కాదు" అని లాక్కునేవాణ్ని. ఆ అలవాటు వల్లే తర్వాత ఎవరి మీదా తప్పు తోసేసే అవకాశం లేకుండా పోయింది.

రంపం మిషన్‌ను దగ్గరగా చూడని వాళ్లకు నాలుగు మాటలు. ఇంజను ముందు పొడవాటి ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని బార్ అంటాం. బార్ అంచు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది. చైను ఆ గాడిలో తిరుగుతుంది. చైనుకు పైన కట్టెను కోసే పళ్లు, కింద గాడిలోకి దిగే పళ్లు. ఆ కింది పళ్ల మందమూ గాడి వెడల్పూ ఒకదానికొకటి సరిపోవాలి. చైను లావైతే గాడిలోకి అసలు దిగదు, కాబట్టి దాంతో ప్రమాదం లేదు. చైను సన్నమైతే మాత్రం హాయిగా దిగుతుంది, హాయిగా తిరుగుతుంది, తిరుగుతూ తిరుగుతూ ఒకనాడు గాడి వదిలి బయటికి దూకుతుంది. మా దగ్గర ఉన్న రెండు రకాల చైన్ల మధ్య తేడా రెండు కాగితాల మందం. ఆ రెండు కాగితాల తేడా దగ్గరే నా బతుకు బస్టాండయింది.

మా దగ్గర నాలుగు మిషన్లు ఉండేవి. మూడు పాతవి, సన్న గాడివి. నాలుగోది తర్వాత కొన్నది, కొంచెం వెడల్పు గాడిది. నాలుగింటి బార్లూ పద్దెనిమిది అంగుళాల పొడవే. చైన్లు పక్కపక్కన మేకులకు వేలాడదీస్తే వేలెడు కూడా తేడా రాదు. ఏ బార్‌కు ఏ మందం చైను ఎక్కించాలో బార్ మొదట్లో చిన్న అంకెల్లో కొట్టి ఉంటుంది. నేను ఎప్పుడూ ఒక మిషన్ విప్పి, కడిగి, బిగించాకే రెండోది ముట్టుకునేవాణ్ని. అలా చేస్తే కలిసిపోయే ప్రశ్నే రాదు. అందుకే ఆ అంకె చూసే అవసరం కూడా నాకు ఏళ్ల తరబడి రాలేదు.

ఆ కొత్త మిషన్ మా ఆపరేటర్ చేతిలో ఉండేది. ఆయనది నర్సంపేట దగ్గర ఊరు. కాంట్రాక్టు ఉద్యోగి, నలభై అయిదేళ్లు ఉంటాయేమో. పదిహేనేళ్లుగా రంపం పట్టినవాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, తల పైకెత్తి చూసి, "ఇటు పడ్తది" అన్నాడంటే అటే పడేది. ఆదివారం కల్లు తాగేవాడు. సోమవారం పొద్దున ఎవరూ అడగకముందే ఆ సంగతి తానే చెప్పేవాడు. పని రోజు మాత్రం చుక్క ముట్టడని మాకందరికీ తెలుసు. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ఇంజనీరు మేడమ్‌కు తెలిసే అవకాశం లేదు.

ఇక దసరా. ఇంకో నాలుగైదు నెలల్లో నేను రిటైర్ కాబోతున్నాను, అంటే అది నా చివరి ఆయుధ పూజ. దాన్ని నలుగురూ చెప్పుకునేలా చేయాలని నాకో పిచ్చి పుట్టింది. మామూలుగా అయితే మిషన్లను తుడిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఇళ్లకు పోతాం. ఆ ఏడు నాలుగు మిషన్లూ ఒకేసారి విప్పాను. చైన్లు, బార్లు, కవర్లు అన్నీ కిరోసిన్‌లో కడిగాను. బార్లు మరీ నల్లగా, గీతలు పడి కనిపించాయి. పెయింట్ షాపుకు పోయి సిల్వర్ పెయింట్ డబ్బా తెచ్చి నాలుగింటికీ రెండేసి పూతలు వేశాను. నాలుగు బార్లూ పెళ్లికొడుకుల్లా మెరిసిపోయాయి. గాడిలోకి పెయింట్ పోకుండా జాగ్రత్తపడ్డాను, అంత తెలివి ఉంది. అంకె మీద పడకుండా చూసుకునే తెలివి మాత్రం లేదు.

కొమ్మలు మోసే గుంపులో స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి వచ్చే పెద్దామె ఒకామె ఉండేది. ఆపరేటర్‌తో సహా అందరూ ఆమెను అక్కా అనేవాళ్లు. ఆమె నోటికి ఇంజనీర్లు కూడా జంకేవారు. బంతిపూల మధ్య చుట్టలు చుట్టి పెట్టిన చైన్లనీ, మెరిసే బార్లనీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది సారూ, గియ్యి చెట్లను కొయ్యనీకా, చెట్లకు పిల్లనియ్యనీకా?" అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫోన్‌లో ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఇంజనీరు మేడమ్ దానికి చప్పట్ల బొమ్మ పెట్టారు. ఆ చప్పట్లను ఇంట్లో అందరికీ చూపించాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు ఎర్రబడతాయి.

పండుగ సెలవులయ్యాక మిషన్లు బిగించడానికి కూర్చున్నాను. ఇంజన్లను గుర్తుపట్టాను. బార్లను వాటి బోల్టు రంధ్రాల తేడాను బట్టి కనుక్కున్నాను. చైన్లు మిగిలాయి. నాలుగూ ఒకే పొడవు, నాలుగూ తళతళలాడుతున్నాయి. ఒకటి తీసి పాత మిషన్ బార్ మీద పెడితే దిగలేదు. పసుపు ఎండి గాడిలో పట్టేసిందనుకుని సూదితో గీకాను. అయినా దిగలేదు. "ఇది ఖరాబ్ చైన్" అని తీర్పు చెప్పి మేకుకు తగిలించాను. పెట్టెలోంచి కొత్త సన్న చైను తీసి ఆ బార్‌కు ఎక్కించాను. మిగిలిన మూడింటిలో ఒకటి ఆపరేటర్ కొత్త మిషన్‌కు ఎక్కించాను. అది ఎంత సుతారంగా దిగిందంటే, పెయింట్ వేసినందుకు బార్ కూడా సంతోషించిందనుకున్నాను. నేను ఖరాబ్ అని పక్కన పెట్టిందే ఆ బార్‌కు అసలైన చైను అని నాకు తట్టనే లేదు.

మొదటి రోజు సాయంత్రమే ఆపరేటర్ స్టోర్‌కు వచ్చాడు.

"సార్, చైను జర ఊగినట్టు కొడ్తాంది. ఒకపారి చూస్తరా?"

"కొత్తగ కడిగిన కద, అట్లనే ఉంటది. టైట్ చేస్కో," అన్నాను, రిజిస్టర్ మీంచి తల ఎత్తకుండానే.

"చేసిన సార్."

"ఇంకింత చెయ్యి."

ఆయన ఇంకొంచెం బిగించుకున్నాడు. మర్నాడు కాజీపేట వైపు ఒక సందులో కొమ్మ కొడుతుంటే చైను తెగకుండానే గాడి వదిలి ఊడింది. మిషన్ కింద ఊడిన చైను తగులుకునే చిన్న కొక్కెం ఉంటుంది, అది పట్టుకుంది కాబట్టి చేతికి ఏం కాలేదు. మూడు రోజులకు మళ్లీ ఊడింది. ఆ వారంలోనే మూడోసారి ఊడినప్పుడు కొక్కెం విరిగిపోయి, చైను వచ్చి ఆయన మోకాలి కింద కొట్టింది. పాంటు చీరుకుపోయి, కాలు మీద జానెడు గీత పడింది. దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించారు. లోతుగా తెగలేదు, ఆయన అదృష్టమూ నా అదృష్టమూ కలిసి ఆ రోజు పనిచేశాయి.

మేడమ్ అందరినీ పిలిపించారు. ఆమె చిన్నవయసు మనిషి. మాట గట్టిదే గాని అన్యాయం చేసే రకం కాదు.

"ఒక్క వారంల మూడుసార్లు. మిగతా మూడు మిషన్లకు ఏం కాలేదు. చైను సరిగ్గనే ఉన్నదా?" అని నన్ను అడిగారు.

"హండ్రెడ్ పర్సెంట్ మేడమ్. నా చేతులతోని ఎక్కించిన," అన్నాను.

ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత ధీమా ఉందో నాకిప్పటికీ వినిపిస్తుంది. మేడమ్ ఆపరేటర్ వైపు తిరిగారు.

"తాగి వస్తున్నవా?"

"లేదు మేడమ్. ఆదివారం తప్ప ముట్ట."

నిజం చెప్పడమే ఆయనకు ఎదురు తన్నింది. ఆమె కళ్లలో అనుమానం అక్కడే ఖాయమైంది. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల మూడుసార్లు చైను ఊడిందని రిపోర్ట్ రాశారు. మిషన్ స్టోర్‌లో పెట్టి తాళం వేయమన్నారు. ఆయన్ను కొమ్మలు మోసే గుంపులోకి పంపారు. ఇంకోసారి తన ఎదుట కోయించి చూసి అప్పుడు ఏదో ఒకటి తేలుస్తానన్నారు. ఆ నెలాఖరుకే కాంట్రాక్టు వాళ్ల పేర్లు మళ్లీ రాయాల్సి ఉంది. ఆ రిపోర్ట్ అలాగే ఉంటే ఆపరేటర్ల జాబితాలో ఆయన పేరు ఉండదు. మా క్లర్కు ఆ సంగతి నాతో చెప్పాడు. అయ్యో అన్నాను గాని, నిజం చెప్తున్నాను, ఆయన చేతికి ఏదో అయిందనే నేనూ అనుకున్నాను.

అంతకంటే ఘోరం ఏమిటంటే ఆయన కూడా అదే అనుకోవడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం స్టోర్ ముందు గట్టు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ల వైపే చూస్తున్నాడు.

"వణుకుతున్నయా సార్?" అని అడిగాడు.

"లేదు," అన్నాను.

"మరి మిషన్ ఎందుకు నా మాట ఇంటలేదు?"

జవాబు నా వెనక మేకుకే వేలాడుతోందని నాకు తెలియదు.

ఇలా వారం గడిచింది. ఒక రోజు అక్క తాడు అడగడానికి స్టోర్‌కు వచ్చింది. తాడు తీసుకుని వెళ్లిపోకుండా గడపలో నిలబడింది.

"సారూ, ఒకటి అడుగుత. వాడు తాగి కోసిండని మేడమ్ రాసిందట గద?"

"అజాగ్రత్త అని రాసింది."

"ఏదైతేంది. వాడు కోసిన మొద్దుల మీద కూసొని నేను పదేండ్ల సంది సద్ది తింటాన్న. పక్కకు చెంబు పెడితే చెంబుల నీళ్లు కదలకపోయేటియి. దసరా పోయినంక వాడు కోసిన మొద్దు మీద కూసుంటె ఒక పక్కకు ఒరుగుతాన్న. నేనే కాదు, అందరం ఒరుగుతానం. ఒక్క దిక్కుకే."

"అయితే?"

"తాగినోని చెయ్యి అయితె ఒకపారి ఇటు పోతది, ఒకపారి అటు పోతది. అన్ని మొద్దులు ఒక్క దిక్కే ఎందుకు ఒరుగుతయ్? నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

చెప్పి, తాడు భుజాన వేసుకుని పోయింది. చదువుకున్నోణ్ని నేను రిజిస్టర్ మూశాను.

నీళ్ల గ్లాసు పట్టుకుని వెనక యార్డులోకి వెళ్లాను. కోసిన మొద్దులన్నీ అక్కడే పేరుస్తారు. దసరాకు ముందు కోసినవి ఒక మూల, తర్వాత కోసినవి ఇంకో మూల. ముందు కోసిన వాటిని నిలబెట్టి మీద గ్లాసు పెడితే నీళ్లు తొణకలేదు. తర్వాత వాటి మీద పెడితే ఒక పక్కకే ఒలికాయి. పదిహేను మొద్దుల మీద పెట్టి చూశాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను వింతగా చూశాడు. "ఏం లేదు, చూస్తున్న," అన్నాను. రిటైర్మెంట్ దగ్గరపడి మతి పోయిందని అనుకుని ఉంటాడు.

స్టోర్‌కు వచ్చి తాళం తీశాను. ఆపరేటర్ మిషన్ బల్ల మీద పెట్టి చైనును వేలితో అటూ ఇటూ కదిపాను. ఊడబోయే పన్నులా ఊగింది. కోసేటప్పుడు అది గాడిలో ఒకే పక్కకు ఒరిగి, కోతను కూడా అటే లాగిందన్నమాట. ఆయన మొదటి రోజే చెప్పిన మాట ఇదే. గుడ్డకు థిన్నర్ పూసి బార్ మొదట్లో రుద్దాను. సిల్వర్ పెయింట్ పొరలు పొరలుగా లేచి కింద అంకె బయటపడింది: ఒకటి పాయింట్ అయిదు. చైను పన్ను మీదున్న గుర్తును అద్దాలు పెట్టుకుని చూసి, పెట్టె మీద ఉన్నదానితో పోల్చుకున్నాను: ఒకటి పాయింట్ మూడు. మేకు మీదున్న ఖరాబ్ చైను తీసి గాడిలో పెట్టాను. అది దిగి, కదలకుండా నిలబడింది. అప్పుడు నేను కూడా కదల్లేదు.

నాకు ముందుగా ఏమనిపించిందో దాచకుండా రాస్తాను. ఆయనకు చేసిన అన్యాయం తలపుకు రాలేదు. "ముప్పై నాలుగేళ్లు, ఒక్క మెమో లేదు" అని నేను ఊరంతా చెప్పుకున్న మాట తలపుకు వచ్చింది. మా క్లర్కు నాకు పాత స్నేహితుడు. ఆయనొక్కడికే చెప్పాను.

"చైను మార్చి పడెయ్యి. మేడమ్ ముందట మంచిగ కోస్తడు, మిషన్ మళ్ల ఆయనకే ఇస్తరు. నీకు ఫికర్ లేదు, ఆయనకు ఫికర్ లేదు. నీకిగ ఉన్నది నాలుగు నెలలు, ఎందుకు పరేషాన్?" అన్నాడు.

ఆ లెక్క నాకు బాగా నచ్చింది. సరైన చైను ఎక్కించాను. విరిగిన కొక్కెం మార్చాను. సన్న చైనును సామాను సంచి అడుగున పడేశాను. చేతులు కడుక్కుని, పెద్ద మంచిపని చేసినవాడిలా ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.

రెండు రోజులకు పెద్ద వాన పడింది. తెల్లవారేసరికి నర్సంపేట రోడ్డు మీద ఒక పాత చింతచెట్టు వేళ్లతో సహా అడ్డంగా పడింది. అటు బస్సులు, ఇటు పత్తి ట్రాక్టర్లు బారులు తీరాయి. పాత మిషన్లు మూడూ వేరే చోట్లకు వెళ్లాయి. మేడమ్ కొత్త మిషన్ తెమ్మన్నారు. నేను జీపులో పెట్టుకుని వెళ్లాను. ఆపరేటర్ అప్పటికే తలకు తువ్వాల చుట్టుకుని కొమ్మలు లాగుతున్నాడు.

"ఇయ్యాల నువ్వు కొయ్యి. నేను చూస్తా," అన్నారు మేడమ్.

ఆయన మిషన్ అందుకున్నాడు. స్టార్ట్ చేసే ముందు ఒక్క క్షణం ఆగాడు. అప్పుడు చేతులు నిజంగానే వణికాయి, నేను చూశాను. తాడు లాగాడు, ఇంజను అందుకుంది. చింత మొద్దు గట్టిది, దాని మీద రంపం మోపి కాలు సర్దుకుని నిలబడ్డాడు. మొదటి కోత సగం దాకా వెళ్లేసరికి ఆయన భుజాలు కిందికి దిగాయి. మొహం మారిపోయింది. మిషన్ తన మాట వింటోందని ఆయనకు తెలిసిపోయింది. బస్సులు దిగిన జనం గొడుగుల కింద నిలబడి చూస్తున్నారు. ఒక్కో మొద్దు తెగి రోడ్డు మీద దొర్లుతుంటే ఎవరో ఈల కూడా వేశారు. అక్క మొదటి మొద్దును నిలబెట్టి, దాని మీద కూర్చుని, అటూ ఇటూ ఊగబోయి ఊగలేక, నా వైపు తిరిగి కళ్లెగరేసింది.

గంటలో దారి ఖాళీ అయింది. మేడమ్ సంతోషంగానే దగ్గరికి వచ్చారు.

"చూసినవా? మనసు పెట్టి చేస్తే ఎంత మంచిగ అయిందో! మరి అప్పుడేమైంది? అజాగ్రత్తనే కద?"

ఆయన మిషన్ కింద పెట్టి తల వంచుకున్నాడు. "అవును మేడమ్. తప్పు నాదే. ఇగ ఎన్నడు చెయ్య," అన్నాడు.

ఆ మాట వినేదాకా నా లెక్క నాకు బాగానే ఉంది. మిషన్ ఆయనకు వస్తుంది, నాకు మెమో రాదు. కానీ చేయని తప్పును అంతమంది ముందు నెత్తిన వేసుకుని, ఇంకెన్నడూ చేయనని మాట ఇస్తాడని నేను లెక్కలో వేసుకోలేదు. దానికి తోడు ఆయన నిజంగానే తన తప్పని నమ్ముతున్నాడు. బతికినన్నాళ్లూ రంపం పట్టిన ప్రతిసారీ తన చేతుల్ని తాను అనుమానించుకుంటాడు. నాకు సిగ్గేసింది. ఆ వయసులో అంత సిగ్గు పడగలనని నాకు తెలియదు.

"మేడమ్, తప్పు ఆయనది కాదు. నాది," అన్నాను.

నా గొంతు అవసరం కంటే గట్టిగా వచ్చింది. ఇంకా బస్సెక్కని జనం కూడా ఇటు తిరిగారు. సామాను సంచిలోంచి సన్న చైను తీశాను. మిషన్ కవర్ విప్పి, మంచి చైను తీసి, సన్నది బార్ మీద పెట్టాను.

"జర వేలుతోని కదిపి చూడుండ్రి మేడమ్."

ఆమె కదిపారు. అది ఊగింది. మళ్లీ మంచిది పెట్టి కదపమన్నాను. ఊగలేదు.

"ఆ మూడుసార్లు ఈ సన్న చైనే ఉన్నది. నేనే ఎక్కించిన. మొదటి రోజే ఈయన వచ్చి ఊగుతాంది అని చెప్పిండు, నేను తల కూడ ఎత్తలే. మొన్న తెలిసినంక చప్పుడు చేయకుండ మార్చిన. ఇయ్యాల కూడ చెప్పొద్దనే వచ్చిన."

"బార్ మీద నంబర్ ఉంటది కద. చూడలేదా?" అన్నారు మేడమ్.

"నంబర్ మీద పెయింట్ ఉన్నది మేడమ్."

"పెయింట్ ఎవరేసిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

"దసరాకు మేడమ్. మీరు చప్పట్లు కూడ కొట్టిన్రు గ్రూపుల."

ఆ మాట అనాలని అనలేదు, నోరు జారింది. అక్క మొద్దు మీంచి పడిపోయేంతగా నవ్వింది. ఆమె నవ్వు చూసి గుంపంతా, గుంపును చూసి బస్సు జనం నవ్వారు. వాళ్లకు సంగతేమిటో తెలియదు కూడా. మేడమ్ పెదవులు బిగబట్టి చాలాసేపు రోడ్డు అవతలకు చూశారు. తర్వాత ఆపరేటర్ వైపు తిరిగారు.

"నేను కూడ సరిగ్గ విచారించకుండ రాసిన. సారీ," అన్నారు.

ఆయన కంగారుపడిపోయాడు. "అయ్యో, మీరెందుకు మేడమ్," అంటూ తువ్వాల తీసి చేతుల్లో నలిపాడు.

"మీకు మాత్రం ఏమనాల్నో తెలుస్తలేదు," అన్నారు నాతో. "మీరే చెప్పిన్రు కాబట్టి నోటితో చెప్పి వదిలేస్త."

అక్కడే నేను అడిగాను. "వద్దు మేడమ్. రాసే ఇయ్యుండ్రి. ఫైలుల ఆయన పేరు మీద అజాగ్రత్త అని ఉన్నది. అది పోవాల్నంటే నా పేరు మీద కాగితం రావాలె."

ఆమె సరేనన్నారు. మర్నాడు మెమో వచ్చింది. సరిపోని చైను ఎక్కించినందుకు, ఆపరేటర్ చెప్పినా పట్టించుకోనందుకు, నంబరు మీద రంగు వేసినందుకు అని మూడు తప్పులూ వరసగా రాసి ఉన్నాయి. మా క్లర్కు దాన్ని నాకిస్తూ, "నీకు నిజంగ మతి లేదు," అన్నాడు. పాత రిపోర్ట్ కొట్టేశారు. కొత్త జాబితాలో ఆపరేటర్ పేరు మొదటి వరసలో వచ్చింది. ఆ వారమే నాలుగు బార్ల మీదా పెయింట్ గీకి, ఏ మిషన్‌కు ఏ చైనో గోడ మీద పెద్ద అక్షరాల్లో రాశాను. పిల్లలూ, మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఊగుతోందని పనిచేసేవాడు చెప్పినప్పుడు రిజిస్టర్ మూసి, లేచి, వేలితో కదిపి చూడండి. అర నిమిషం పని.

మెమో మర్నాటి సంగతి. చెట్టు తీసిన రోజుది ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పకుండా ఆపలేను. మేడమ్ వెళ్లాక నేనూ ఆపరేటరూ రోడ్డు పక్క హోటల్లో చాయ్‌కి కూర్చున్నాం. బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కాలు ఎలా ఉందని అడిగాను, మానిందన్నాడు. మన్నించమని ఎలా అడగాలో తెలియక బన్ను తెప్పించాను. దాన్ని చాయ్‌లో ముంచుకుని సగం తిన్నాక ఆయనే మొదలుపెట్టాడు.

"సార్, ఒక ముచ్చట చెప్త. నవ్వద్దు."

"చెప్పు."

"మిషన్ గుంజుకున్నరని ఇంట్ల చెప్పలే. చెప్పబుద్ది కాలే. పదిహేనేండ్ల సంది నేను పోతాంటె నాకంటె ముందట ఆ ఆయిల్ వాసన పోతది ఇంట్లకు. మా ఆమె దర్వాజ కాడనే సబ్బు పట్టుకొని నిలవడ్తది, చేతులు కడుక్కుంటెనే లోపటికి రానిస్తది. కొమ్మలు మోస్తె వాసనేమొస్తది, ఆకు వాసన తప్ప? ఆమెకు తెలిసిపోతది గద. అందుకని రోజు పొయ్యే ముందట చైను ఆయిల్ డబ్బ మూతకు అంటినంత తీసి చేతులకు రాసుకొని పోయిన."

"రోజూ?" అన్నాను.

"తొమ్మిది రోజులు సార్."

నవ్వద్దన్నాడు గాని, నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మరి ఇయ్యాల?" అని అడిగాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ నా ముందు చాపాడు. ఉదయమంతా వానలో తడిసినా గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో నల్లటి ఆయిల్ నిండుగా ఉంది. వేళ్లు కదలకుండా ఉన్నాయి.

"ఇయ్యాల రాసుకునుడు లేదు సార్," అన్నాడు. "కడుక్కునుడే."